ఖాళీ పెట్టె

మొన్న శివరాత్రికి మా ఈపురుపాలెం వెళ్ళాను. సాయంకాలం మా చెల్లెలి మనుమరాలిని వెంటబెట్టుకుని పక్క ఊరి తిరునాళ్ళకు బయలుదేరాను. ప్రభల వెలుగులు, జీళ్ళ దుకాణాలు, ఖర్జూరపు కుప్పలు అన్నీ చూశాక ఆ పిల్ల నా వేలు పట్టుకుని లాక్కుపోయి జెయింట్ వీల్ ముందు నిలబెట్టింది. మేము చిన్నప్పుడు దాన్ని కూడా రంగులరాట్నమనే అనేవాళ్ళం. "తాతయ్యా, ఇది ఎక్కుదాం" అంది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పిల్లకు ఎనిమిదేళ్ళు. నా భయానికి నలభై అయిదేళ్ళు.

1977 ఉప్పెన తరువాత వచ్చిన మూడో శివరాత్రి అది. నాకు పదేళ్ళు, మా పెద్దన్నయ్యకు పదహారు. ఇద్దరం ఒకే పెట్టెలో కూర్చున్నాం. పైనుంచి దిగుతుండగా పెట్టెకు ఒక ప్రక్క పట్టు ఊడిపోయి ఒరిగింది. అన్నయ్య ఒక చేత్తో నన్ను లోపలికి అదిమి, రెండో చేత్తో కమ్మీ పట్టుకున్నాడు. ఆ చెయ్యి పెట్టెకూ ఇనుప చట్రానికీ మధ్య నలిగిపోయింది. నా ఒంటిమీద గీత కూడా పడలేదు.

మర్నాటి సాయంత్రానికి రాట్నం మళ్ళీ తిరిగింది. ఒక పెట్టె మాత్రం తగ్గింది. ఆ ఖాళీ ప్రతి చుట్టులోనూ పైకి వెళ్ళి కిందికి వస్తూనే ఉంది, జనం దాన్ని చూస్తూనే వరుసలో నిలబడ్డారు. మా నాన్న యజమాని దగ్గరకు వెళ్ళి ఒక్కటే అడిగాడు. "ఏది విరిగింది? నాకు చూపించు." ఆ ముక్కను ఎక్కడో పారేశామన్నాడాయన. వైద్యానికని కొంత డబ్బు ఇవ్వబోతే నాన్న తీసుకోకుండా వచ్చేశాడు.

నాన్న కోపం డబ్బు గురించి కాదని గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆయన మగ్గం మనిషి. పోగు తెగితే మగ్గం ఆపాలి, తెగిన చోటు వెతకాలి, అతకాలి, ఆ తరువాతే నెయ్యాలి. పోగు తెగిందని మగ్గాన్ని పారేసేవాడు ఎవడూ లేడు. తెగిన పోగును చూసీ చూడనట్టు నేసుకుపోయేవాడు నేతగాడు కాడు. ఇదే ఆయన ఎరిగిన న్యాయం. ఇక మగ్గానికి రెండు చేతులూ కావాలి, ఒకటి నాడెను పరుగెత్తించడానికి, ఇంకొకటి పేకను దగ్గరకు కొట్టడానికి. అన్నయ్య మళ్ళీ మగ్గం గుంటలోకి దిగలేదు. సెంటర్లో చిన్న కిల్లీకొట్టు పెట్టుకుని బ్రతికాడు.

2019 మే 26 రాత్రి అనంతపురంలో ఒక ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ పెట్టె ఊడిపడి పదేళ్ళ పాప చనిపోయింది. మరికొందరు గాయపడ్డారు. బోల్టు ఊడివస్తున్నదని చూసినవాళ్ళు చెప్పినా తిప్పేవాడు వినలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ వార్తలో నన్ను ఎక్కువగా బాధించింది ఆ మాటే. ఇనుము ఒక్కసారిగా మోసం చెయ్యదు. బరువు పడుతూ లేస్తూ ఉంటే కంటికి కనబడని బీట ఒకటి మొదలై, చుట్టు చుట్టుకూ కొంచెం కొంచెంగా పెరుగుతుంది. నట్టు ముందు వదులవుతుంది, తరువాతే ఊడుతుంది. అంటే చాలాసార్లు ముందుగా ఒక హెచ్చరిక ఉంటుంది, వినేవాడే ఉండడు.

ఇది మన దగ్గరి సంగతి మాత్రమే అనుకోనక్కరలేదు. ఇంగ్లాండులోని ఆల్టన్ టవర్స్‌లో స్మైలర్ అనే రోలర్ కోస్టర్ ఉంది. 2015 జూన్ 2న పట్టాలమీద ఆగివున్న ఖాళీ బండిని పదహారుమంది ఉన్న బండి గుద్దుకుంది. ఇద్దరు యువతులు చెరొక కాలు పోగొట్టుకున్నారు. ముందు దారి ఖాళీగా లేదని యంత్రం తనంతట తానే బండిని ఆపింది. అది పొరపాటున ఆగిందనుకుని మనుషులే ఆ అడ్డును తప్పించి నడిపారు. 2016 మార్చిలో దాన్ని మళ్ళీ తెరిచారు. అలా తప్పించాలంటే ఇకపై పై అధికారి అనుమతి ఉండాలని నియమం పెట్టుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో న్యాయస్థానం యాజమాన్యానికి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అదే 2016 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్‌లో నలుగురిని బలిగొన్న నీళ్ళ సవారీని మాత్రం మళ్ళీ తెరవలేదు, కూల్చివేశారు. అక్కడ ఆ రోజే అంతకుముందు రెండుసార్లు పంపు ఆగిపోయింది. రెండుసార్లూ మళ్ళీ నడిపారు.

తెరవడమా, కూల్చడమా అని వాళ్ళు తేల్చుకోగలిగారు, ఎందుకంటే ఆ యంత్రం ఒకే చోట ఉంటుంది. దానికొక పేరుంది, జరిగినదంతా ఆ పేరుకు అంటుకుని ఉంటుంది. మన తిరునాళ్ళ రాట్నానికి పేరు లేదు. పండుగ అయిపోగానే విప్పి లారీకి ఎక్కిస్తారు. వారం తిరక్కుండా మరో ఊళ్ళో, అవే బోల్టులతో, మళ్ళీ నిలబెడతారు. ఈ ఊరి రక్తం ఆ ఊరికి తెలియదు. తిరిగి తెరవవచ్చునా అన్న ప్రశ్న పుట్టే లోపలే అది తిరుగుతూ ఉంటుంది.

నన్నడిగితే తెరవవచ్చుననే అంటాను. అయితే మా నాన్న ప్రశ్నకు జవాబు వచ్చిన తరువాత. ఏది విరిగింది, ఎందుకు విరిగింది, ఇప్పుడు అక్కడ ఏముంది. ఈ మూడూ చూపించలేనివాడు దాన్ని తిప్పకూడదు.

ఆ సాయంత్రం ధైర్యం తెచ్చుకుని రాట్నం తిప్పే కుర్రాణ్ణి అడిగాను. "బాబూ, పెట్టెలు పట్టి ఉంచే పిన్నులు ఒకసారి చూపిస్తావా?" విసుక్కుంటాడనుకున్నాను. "ఎవరూ అడగరండీ" అని నవ్వి, రాట్నం ఆపి, టార్చిలైటు వేసి ఒక్కొక్కటే చూపించాడు. ఒకచోట నట్టు వదులు కాకుండా అడ్డంగా దూర్చే పిన్నుకు బదులు కట్టుతీగ చుట్టి ఉంది. కుర్రాడి ముఖం మారింది. ఏమీ అనకుండా డబ్బాలోంచి కొత్త పిన్ను తీసి దూర్చి, మొనలు వంచాడు. వరుసలోని జనం ఆలస్యమవుతోందని నన్నే కసిరారు.

అన్నీ చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా పిల్లను ఎక్కనివ్వలేకపోయాను. దారి పొడుగునా అది ఏడుస్తూనే వచ్చింది.

రాత్రి అన్నయ్యకు ఇదంతా చెప్పాను. వంకర తిరిగిన ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు.

"ఆపి చూపించాడా?"

"చూపించాడు."

"తీగ తీసి పిన్ను పెట్టాడా?"

"పెట్టాడు."

"మరి ఎక్కనివ్వాల్సిందిరా. నాన్న అడిగింది అంతే గదా" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. చెయ్యి పోగొట్టుకున్నవాడు ఎక్కనిస్తానంటున్నాడు, గీత కూడా పడనివాడికి కాళ్ళు ఆడలేదు. మీరైతే ఏం చేసి ఉండేవారు?