నాన్న కెమెరా

నాన్న పోయాక ఆయన కెమెరాని అమ్మ బీరువాలో పట్టుచీరల కింద దాచింది. తోలు సంచీలో పెట్టి, తాళం వేసి, 17 ఏళ్ళు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది యాషికా మ్యాట్ 124 జీ. చూసుకోవడానికి పైన ఒక కన్ను, బొమ్మ తీయడానికి కింద ఒక కన్ను.

మాది బరంపురం. గోపాలపూర్ సముద్రం దగ్గరే. వానాకాలం వస్తే అప్పడాల డబ్బాలోకి కూడా చెమ్మ చేరుతుంది. మొన్న శ్రావణంలో అమ్మని బతిమాలి కెమెరా బయటికి తీయించాను. కింది కంటిలో సాలెగూడులా తెల్లటి పోగులు. తుడిస్తే పోలేదు. అవి అద్దం లోపలివైపు ఉన్నాయి.

"ఎండలో పెట్టరా, పోతుంది" అంది అమ్మ.

బజారులో పాత కెమెరాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఒడియా ఆయనే అయినా మాతో తెలుగే మాట్లాడతారు. వెనకనుంచి టార్చి వేసి చూశారు.

"బూజు బాబూ. ఎండకి పెరగడం ఆగితే ఆగుతుందేమో గాని, తిన్నది తిరిగి రాదు" అన్నారు.

అద్దం మీది దుమ్మూ జిడ్డూ తిని బతుకుతుందట ఆ బూజు. అది వదిలే ఆమ్లం మొదట అద్దం మీది పూతని, తర్వాత అద్దాన్నే కొరుకుతుంది. పైపైన ఉంటే కడగొచ్చు. రెండద్దాలు అతికించిన చోట దూరితే మాత్రం, విడదీసి మళ్ళీ అతికించే ఖర్చుతో ఇంకో కెమెరా కొనుక్కోవచ్చు. మాది అంతవరకూ పోలేదు.

"తోలు సంచీలో ఎందుకు పెట్టారు? తోలు చెమ్మ పీల్చుకుంటుంది. పైగా చీకటి, గాలాడదు. బూజుకి ఇంకేం కావాలి?"

నేను జవాబు చెప్పలేదు.

ముందరి అద్దాన్ని మర తిప్పి విప్పారు. కిటికీలు తెరిచి, హైడ్రోజన్ పెరాక్సైడూ అమ్మోనియా సమంగా కలిపి, దూదితో నెమ్మదిగా తుడిచారు. పోగులు పోయాయి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే, అవి ఉన్నచోట వెంట్రుకల్లాంటి గీతలు మిగిలాయి.

"ఈ మచ్చలు పోవు. ఎండకి ఎదురుగా తియ్యకండి. మిగతా బొమ్మలు బాగానే వస్తాయి."

రీలుకి 12 బొమ్మలు. మొదటిది అమ్మని కిటికీ ముందు కూర్చోబెట్టి తీశాను. వెనకనుంచి వెలుతురు పడి ముఖమంతా పొగమంచు కమ్మినట్టు వచ్చింది. రెండోది అరుగు మీద, వెలుతురు ముఖాన పడేలా తీశాను. కంటి కింది ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు.

అమ్మ రెండూ చాలాసేపు చూసింది.

"ఎందుకు పాడైందట?"

"వాడక పోవడం వల్ల" అన్నాను. సంచీ సంగతి చెప్పలేదు.

"తాళం వేసింది నేనేగా" అంది అమ్మ.

ఇప్పుడు కెమెరా గట్టి మూత ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంటోంది. తోలు సంచీ తీసేశాం. నెలకోసారైనా నాలుగు బొమ్మలు తీస్తున్నాను. నేను మరిచిపోయిన నెలలో అమ్మే డబ్బా తెచ్చి నా ముందు పెడుతుంది.