గుగ్గిళ్ల నీళ్లు చేసే పని

ఒక గ్లాసు నీళ్లలో రెండు చెంచాల నూనె పోసి బాగా కలపండి. కాస్సేపు రెండూ కలిసినట్టే వుంటాయి. అయిదు నిమిషాలాగి చూస్తే నూనె మళ్లీ పైకి తేలి వుంటుంది. మరి పాలలో నీరూ, కొవ్వూ కలిసే వుంటాయి గదా! అదెలాగ? పాలలోని మాంసకృత్తులు ఒక్కొక్క కొవ్వు బిందువు చుట్టూ పల్చని పొరగా ఏర్పడి, బిందువులు ఒకదానితో ఒకటి అంటుకోకుండా చూస్తాయి. ఇటువంటి మధ్యవర్తి లేనిదే నూనె, నీరు కలిసి వుండవు.

మీలో చాలామంది మయోనైజ్ తినే వుంటారు. దానిలో ఎక్కువ భాగం నూనె. అందులో మధ్యవర్తి కోడిగుడ్డు పచ్చసొన. గుడ్డు లేకుండా చేసేవాటిలో చాలాసార్లు సోయా వేస్తారు.

మా మేనకోడలికి తొమ్మిదేళ్లు. దానికి గుడ్డూ పడదు, సోయా పడదు. తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక పోతుంది. వేసవి సెలవల్లో అది మా జంపని వచ్చింది. తెనాలినుంచి రేపల్లె వెళ్లే రైలుదారిలో వున్నది మా వూరు. పిల్లలందరూ రొట్టెకు మయోనైజ్ రాసుకు తింటూ వుంటే, అది ఉత్త రొట్టె నములుతూ, "మామయ్యా, నేను తినేది చెయ్యటానికి వీల్లేదా?" అని అడిగింది.

వీలున్నది. శనగలు దానికి పడతాయి. మా అమ్మ కాబూలీ శనగలు రాత్రి నానబోసి, ఆ నీళ్లు పారబోసి, మర్నాడు మంచినీళ్లలో మెత్తగా ఉడికించింది. శనగలు గుగ్గిళ్లకు పోయినై. వార్చిన నీళ్లు నేను తీసుకుని, తెల్లసొనలాగా జిగటగా అయేదాకా మరగబెట్టి, చల్లార్చాను.

ఆ నీళ్లు మూడు పెద్ద చెంచాలు, అర చెంచా ఆవపిండి, ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు మిక్సీలో వేశాము. మిక్సీ తిరుగుతూ వుండగా ముప్పావు కప్పు పొద్దుతిరుగుడు నూనెను మొదట చుక్కలుగా, తరవాత సన్నని ధారగా పోశాము. నూనె ఒక్కసారిగా పోస్తే బిందువులకు పొర ఏర్పడే వ్యవధి వుండదు, రెండూ విడిపోతాయి. చూస్తూ వుండగానే అది తెల్లబడి, వెన్నలాగా చిక్కబడింది.

శనగలు ఉడికేటప్పుడు వాటిలోని మాంసకృత్తులూ, పిండిపదార్థమూ, సాపోనిన్లూ కొంత నీటిలోకి దిగుతాయి. కుంకుడురసం నురగ కట్టేది కూడా సాపోనిన్ల మూలానే. ఇవే ఇక్కడ మధ్యవర్తులు. ఆవపిండి వాటికి తోడు.

2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి సంగీతకారుడు, గింజలుడికిన నీళ్లను గిలకొడితే తెల్లసొనలాగే నురగ కడతాయని చూపాడు. 2015లో గూస్ వోల్ట్ అనే అమెరికన్ ఇంజనీరు వాటికి 'ఆక్వాఫాబా' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆక్వా అంటే నీరు, ఫాబా అంటే చిక్కుడుగింజ.

పచ్చిగుడ్డులో రోగక్రిములు వుండవచ్చు. అందుకే 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్ల మయోనైజ్‌ను ఒక ఏడాదిపాటు నిషేధించింది. శనగనీళ్లతో చేసినదానికి ఆ బెడద లేదు. అయినా ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినెయ్యాలి.

ఆ సాయంత్రం మా మేనకోడలు తన రొట్టెకు తనే రాసుకుని, మిగతా పిల్లలకు కూడా పంచింది.

మీరూ చెయ్యండి, మిక్సీ దగ్గర మాత్రం పెద్దవాళ్లు వుండాలి. సోయా పడనివారిలో కొందరికి శనగలూ, ఆవాలూ కూడా పడవు. మీ స్నేహితులలో అటువంటివారుంటే, వైద్యుణ్ణి అడగకుండా పెట్టకండి.