కుళాయి కింద కడిగిన లెన్స్

గుంటూరులో కార్నియా డాక్టరుగా పనిచేస్తూ నేను గట్టిగా నమ్మిన సంగతి ఒకటుంది. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళ కన్ను భద్రంగా ఉంటుందా లేదా అన్నది చాలావరకు ఆప్టికల్ షాపు కౌంటర్ దగ్గరే తేలిపోతుంది. మేం చీటీ రాసిచ్చి పంపేస్తాం. లెన్స్ మొదటిసారి వేలి కొసన పెట్టి, అద్దంలో చూపించి, కంట్లోకి జారవిడవడం నేర్పేది ఆ షాపులోని మనిషే. అందుకే వాడేవాళ్ళకి ఆయన మాటే గుర్తుంటుంది. ఆయన చెప్పింది చెప్పినట్టే చేస్తారు. చెప్పనిది తమకి తోచినట్టు చేస్తారు.

మనవాళ్ళకి ముందుగా తోచేవి నీళ్ళు. బయటినుంచి వస్తే కాళ్ళు కడుక్కుంటాం, కంట్లో నలక పడితే నీళ్ళు కొట్టుకుంటాం, పండైనా పళ్ళెమైనా కడిగితేనే శుభ్రమైనట్టు. చిన్నప్పటినుంచీ చేతికి అబ్బిన అలవాటు అది, మంచి అలవాటే. లెన్స్ దగ్గర మాత్రం అదే కొంప ముంచుతుంది.

ఒక ఇంజినీరింగ్ కుర్రాడి సంగతి చెబుతాను. హాస్టల్లో ఉండేవాడు. కుడికన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పితో వచ్చాడు. అంతకుముందు వేరేచోట చూపించుకుంటే హెర్పిస్ వైరస్ అనుకుని మూడు వారాలు ఆ మందే వాడారు. దీపం వెలుతురు కూడా భరించలేకపోతున్నాడు. రాత్రిళ్ళు నిద్ర లేదు. పైకి కనిపిస్తున్న పుండు చిన్నది, నొప్పి మాత్రం దానికి ఎన్నో రెట్లు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. స్లిట్ ల్యాంప్ కింద చూస్తే నల్లగుడ్డు మీద ఉంగరంలా తెల్లటి వలయం కట్టడం మొదలైంది. "లెన్స్ డబ్బా ఎలా కడుగుతావయ్యా?" అన్నాను. "రోజూ శుభ్రంగా కడుగుతాను సార్, వాష్‌బేసిన్ కుళాయి కింద, రెండుసార్లు" అన్నాడు. బోరు నీళ్ళు మేడమీది ట్యాంకులోకి ఎక్కి, అక్కడినుంచి దిగివచ్చే నీళ్ళు అవి.

ల్యాబ్‌లో పోషకాలు లేని అగార్ పళ్ళెం మీద ఇ.కోలై బ్యాక్టీరియా పూసి, కంటినుంచి గీకి తీసినది దాని మీద పెడతారు. అకాంతమీబా ఉంటే ఆ బ్యాక్టీరియాను తింటూ పాకుతుంది, పాకిన దారులు మైక్రోస్కోపులో కనిపిస్తాయి. ఇతని కంట్లోంచి తీసిందీ పాకింది, లెన్స్ డబ్బాలోంచి తీసిందీ పాకింది. కుళాయి నీళ్ళలో, బావుల్లో, ఈతకొలనుల్లో, మట్టిలో ఉండే ఏకకణజీవి ఇది. మన గొంతులోకి వెళ్ళినా మామూలుగా ఏమీ చేయదు. లెన్స్‌కి అంటుకుని కార్నియాలోకి చేరితే మాత్రం తన చుట్టూ రెండు పొరల గోడ కట్టుకుని కూర్చుంటుంది. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగదు. ఈతకొలను నీళ్ళను శుద్ధి చేయడానికి వాడే ఒక రసాయనాన్ని 0.02 శాతానికి పలుచన చేసి చుక్కలుగా వేస్తాం. మొదట్లో పగలూ రాత్రీ గంట గంటకీ వేయాలి, ఆ తర్వాత నెలల తరబడి. వాళ్ళమ్మ ఫోన్లో అలారం పెట్టుకుని, వార్డులో మంచం పక్కనే కూర్చుని వేసింది. ఆ క్రిమి చచ్చింది. కంట్లో మిగిలిన మచ్చ సరిగ్గా చూపు దారికే అడ్డంగా ఉంది. ఇప్పుడు కార్నియా మార్పిడి చేయాలి.

లెన్స్‌నీ, డబ్బానీ నీళ్ళతో కడగొద్దని సొల్యూషన్ అట్టపెట్టెలోని కాగితంలో ఉంది. ఇంగ్లీషులో, కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ఉంది. షాపులో ఎవరూ చెప్పలేదట. అతను బద్ధకస్తుడైతే నాకింత బాధ ఉండేది కాదు. శ్రద్ధగా ఉండబోయి పోగొట్టుకున్నాడు.

నీళ్ళ తర్వాత చెప్పాల్సింది నిద్ర గురించి. కార్నియాకు రక్తనాళాలుండవు, ఉంటే చూపుకి అడ్డం. అందువల్ల దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం గాలిలోంచి, కన్నీటి పొర గుండా అందుతుంది. లెన్స్ ఆ దారిలో ఒక తెర. దానిమీద రెప్ప కూడా మూసుకుంటే మరో తెర. ఊపిరాడని పైపొర బలహీనపడుతుంది, కన్నీళ్ళు కదలవు, లెన్స్ అడుగున చేరిన క్రిమికి తీరిక దొరుకుతుంది. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో లెక్కకట్టి 1989లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పగలు మాత్రమే మెత్తటి లెన్స్ వాడేవాళ్ళలో ఏడాదికి 10,000 మందికి సుమారు 4 మందికి కార్నియా పుండు వస్తే, రాత్రుళ్ళూ ఉంచుకునే రకం వాడేవాళ్ళలో 21 మందికి వచ్చింది. తర్వాత ఆక్సిజన్ బాగా పోనిచ్చే సిలికోన్ హైడ్రోజెల్ లెన్స్‌లు వచ్చాయి. అవి వచ్చినా నిద్రలో ఉంచుకుంటే ఉన్న ప్రమాదం తగ్గలేదు. "ఇవి కొత్త రకం, పెట్టుకుని పడుకున్నా పర్వాలేదు" అని అమ్మేవాళ్ళ మీద నాకు కోపమే.

పెళ్ళిళ్ళ సీజన్‌లో మరో రకం కేసులు వస్తాయి. పవర్ లేని రంగు లెన్స్‌లు. కన్ను పరీక్ష చేయకుండానే, చీటీ లేకుండానే దొరుకుతాయి. మేకప్ చేసే ఆమె సంచిలోంచి వస్తాయి, పెళ్ళికూతురికీ తోడికోడళ్ళకీ మారతాయి. అర్ధరాత్రి దాటాక ముహూర్తం, హోమం పొగ, తెల్లవారుజామున అప్పగింతలు. ఎవరికి మాత్రం లెన్స్ తీయాలని గుర్తుంటుంది? అలా నిద్రపోయి లేచిన ఒక పెళ్ళికూతురి చెల్లెలికి కన్ను ఎర్రబడింది. ఇంట్లోవాళ్ళు కళ్ళకలక అనుకుని నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టారు. తర్వాత మెడికల్ షాపులో ఎర్రకంటికని అడిగితే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన చుక్కలిచ్చారు. స్టెరాయిడ్ వేయగానే ఎరుపు కాస్త తగ్గింది, తగ్గుతోందని సంతోషించారు. లోపల సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కార్నియాను కరిగిస్తూనే ఉంది. మా దగ్గరికి వచ్చేసరికి పచ్చటి పుసి, నల్లగుడ్డు మధ్యలో తెల్లటి పుండు. కన్ను దక్కింది, పువ్వు మిగిలింది. అమెరికాలో 2005లో చట్టం మార్చి, పవర్ లేని రంగు లెన్స్‌ని కూడా వైద్య పరికరంగానే లెక్కగట్టి చీటీ తప్పనిసరి చేశారు. ఇక్కడా ఏ ఫ్యాన్సీ షాపులోనూ, ఏ బ్యూటీపార్లర్‌లోనూ చీటీ లేకుండా లెన్స్ చేతికివ్వకూడదన్నది నా పట్టుదల.

తప్పంతా వాడేవాళ్ళదే అనడం అన్యాయం. బాష్ అండ్ లాంబ్ కంపెనీ రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్‌ని 2006 మే నెలలో ప్రపంచమంతటా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఫ్యుసేరియం అనే ఫంగస్ వల్ల ఒక్క అమెరికాలోనే 164 కేసులు నిర్ధారణ అయ్యాయి. డబ్బాలో పాత సొల్యూషన్ పారబోయకుండా దానిమీదే కొత్తది పోసే అలవాటు ప్రమాదాన్ని పెంచుతుందని కూడా అప్పుడే తేలింది. ఆ అలవాటు మన దగ్గర ఇంటింటా ఉంది. సొల్యూషన్ ఖరీదు చూస్తే ఎందుకుందో తెలుస్తుంది, కానీ నిన్నటి సొల్యూషన్‌లో క్రిమిని చంపే సత్తువ మిగలదు.

మా జిల్లాలోనే ఒక చిన్న ఊళ్ళో ఆప్టికల్ షాపాయన ఉన్నాడు. లెన్స్ అడిగినవాళ్ళని కూర్చోబెట్టి, సబ్బుతో చేతులు కడిగించి, పొడిగా తుడిపించి, తన ఎదురుగా పెట్టించి తీయించి, మళ్ళీ పెట్టించి తీయిస్తాడు. తీయడం రాకపోతే ఆ రోజు లెన్స్ ఇవ్వడు. "నెల లెన్స్ అంటే ప్యాకెట్ విప్పిన రోజునుంచి నెల తల్లీ. పెట్టుకున్న రోజులు లెక్కేయొద్దు" అంటాడు. రుద్దనక్కర్లేదని రాసి ఉన్న సొల్యూషన్ అయినా లెన్స్‌ని అరచేతిలో వేసి వేలితో రుద్దాల్సిందే అంటాడు. డబ్బాను సొల్యూషన్‌తోనే కడిగి, బోర్లించి ఆరబెట్టమంటాడు, మూడు నెలలకోసారి వచ్చి కొత్తది తీసుకెళ్ళమంటాడు. ఇది గుంటూరు సీమ గనక మిరపకాయలు తుంచే ఇళ్ళవాళ్ళకి ఇంకో మాట కూడా చెబుతాడు: కారం ముట్టిన రోజు కళ్ళజోడే పెట్టుకోండి, ఎంత కడిగినా వేళ్ళనుంచి ఆ ఘాటు పోదు. అన్నీ తెలుగులో అచ్చు వేయించిన కాగితం ఒకటి సంచిలో పెడతాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. "డాక్టరుగారూ, డిగ్రీ చదివే అమ్మాయి. పొద్దున్నుంచీ కన్ను గుచ్చుకుంటోందట. లెన్స్ తీయించాను, చుక్కలేం వేయలేదు, బస్సెక్కించాను." సాయంత్రానికి ఆ అమ్మాయి నా ఎదుట ఉంది. కార్నియా అంచున ఆవగింజంత మచ్చ. సకాలంలో మందు పడింది, మచ్చ మధ్యకి రాకుండానే మానింది. ఆ హాస్టల్ కుర్రాడికీ ఈ అమ్మాయికీ మధ్య తేడా తెలివితేటల్లో లేదు, నా వైద్యంలోనూ లేదు, ఆ షాపాయన దగ్గర ఉంది. అలాంటి మనిషిని "అద్దాలమ్ముకునేవాడు" అని తేలిగ్గా మాట్లాడే డాక్టర్లున్నారు. నాకది బొత్తిగా నచ్చదు. ఆప్టోమెట్రీ చదివిన పిల్లలు ఇప్పుడు చాలా షాపుల్లో ఉన్నారు. వాళ్ళని మా ఆస్పత్రికి పిలిచి, పుండు పడిన కళ్ళని ఒక్కపూట చూపించగలిగితే కౌంటర్ దగ్గర వాళ్ళ మాట తీరే మారుతుంది. పిలుస్తున్నాను కూడా.

ఇదంతా చదివి లెన్స్ అంటే బెదిరిపోవద్దు. కెరటోకోనస్ వల్ల కార్నియా శంకువులా ముందుకి సాగిన పిల్లలకి కళ్ళజోడుతో పై వరుస అక్షరాలు కూడా కనబడవు. గట్టి లెన్స్ పెట్టగానే బోర్డు చదివేస్తారు. అలాంటివాళ్ళకి లెన్సే చదువు, ఉద్యోగం. వాళ్ళెవరూ మానక్కర్లేదు.

ఎరుపు, నొప్పి, మసక, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా లెన్స్ వెంటనే తీసేయాలి. అదే రోజు, ఆదివారమైనా సరే, కంటి డాక్టరు దగ్గరికి రావాలి. తీసిన లెన్స్‌ని పారేయకుండా డబ్బాతో, సొల్యూషన్ సీసాతో సహా తేవాలి. కంట్లో దొరకని క్రిమి ఒక్కోసారి డబ్బాలో దొరుకుతుంది. ఈలోగా ఏవైనా చుక్కలు వేసుకుని ఉంటే ఆ సీసా కూడా తీసుకురండి, అందులో స్టెరాయిడ్ ఉందో లేదో మేం చూడాలి.