మొక్కకు పన్ను లేదని

తోటలు వేసి ఇచ్చే వ్యాపారానికి లైసెన్సు అనే కాగితం ఒకటుంటుందని, అది చేతికొస్తే ఇక ఎవరూ ఏమీ అడగరని అనుకున్నవాణ్ణి నేను. మాది మాలూరు తాలూకా లక్కూరు. ఒక పక్క బెంగళూరు లేఔట్లు, ఇంకో పక్క హోసూరు. విల్లా కట్టిన ప్రతివాడికీ ఇంటిముందు పచ్చిక కావాలి. గులాబీ తోటల్లో పని చేసిన చెయ్యి, నలుగురు మనుషులు, కడియం నర్సరీల నుంచి లారీలో దిగే మొక్కలు ఉంటే చాలనుకున్నాను. విచారిస్తే ల్యాండ్‌స్కేపింగ్‌కంటూ విడిగా లైసెన్సే లేదన్నారు. పంచాయితీలో వ్యాపార లైసెన్సు, ఆఫీసు గది తెరిస్తే కార్మిక శాఖలో దుకాణాల చట్టం కింద రిజిస్ట్రేషన్, అంతేనట. నా సంబరం చూడాలి అప్పుడు.

భయపడింది ఒక్కదానికే. విజిటింగ్ కార్డు మీద ‘ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్’ అని వేయించుకుంటే, చదువు లేకుండా ఆ పేరు పెట్టుకుంటే కేసవుతుందని స్నేహితుడొకడు బెదరగొట్టాడు. కార్డులన్నీ నీళ్లపొయ్యిలోకి పోయాయి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం 37వ సెక్షన్ ఆర్కిటెక్ట్ అన్న పేరును రిజిస్టరైనవాళ్లకే కట్టబెడుతూ, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టునూ నౌకల ఆర్కిటెక్టునూ మినహాయించిందని చాలా ఆలస్యంగా చదివాను. (ఓడలు గీసేవాడికీ నాకూ చుట్టరికం కలిపిన చట్టం ఇదొక్కటే.) భయపడనక్కర్లేని చోట కార్డులు కాల్చుకున్నాను. భయపడాల్సిన చోట మాత్రం గుండెలు తీసిన బంటులా తిరిగాను.

మొదట ఎర్రమన్ను. పచ్చిక పరచాలంటే కింద అడుగు మందాన మంచి మన్ను పోయాలి. ఊళ్లో ఒక రైతు చేను చదును చేయించుకుంటున్నాడు. “నా చేను, నా మన్ను, అడిగేదెవరప్పా?” అన్నాడు. నాకూ అది న్యాయంగానే తోచింది. టిప్పర్‌ని దారిలో ఆపి గనుల శాఖ రవాణా పర్మిట్ చూపమన్నప్పుడు గాని, మన్ను కూడా ఖనిజమేనని తెలియలేదు. కట్టలు, రోడ్లు, భవనాల పనుల్లో పూడ్చడానికీ చదును చేయడానికీ వాడే మామూలు మన్నును కేంద్రం 2000 ఫిబ్రవరి 3న చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత రాయల్టీ, పర్మిట్ లేకుండా తోలితే బండిని పట్టుకుపోవచ్చు. ఇంటిముందు తోటకు పోసే మన్ను ఆ మాటల్లోకి వస్తుందా రాదా అని కోర్టులో ఎంతైనా వాదించవచ్చు. రోడ్డు పక్కన, టిప్పర్ యజమాని నన్నే తిడుతుండగా, వాదించే ఓపిక నాకు లేకపోయింది. బండి విడిపించిన ఖర్చు నాదే.

చెట్ల విషయంలో నన్ను కాపాడింది మా పెద్ద కూలీ. ఒక స్థలంలో కంచె పక్కన అడ్డమొచ్చిన చెట్టును కొట్టెయ్యమంటే గొడ్డలి కింద పెట్టేశాడు. “అప్పా, ఇది గంధం. ముట్టద్దు, మీకూ వద్దు, నాకూ వద్దు.” టిప్పు కాలం నుంచీ మైసూరు రాజ్యంలో గంధం రాజుగారి సొత్తు. కర్ణాటక 2001లో అటవీ చట్టం మార్చి నేలగలవాడికే హక్కిచ్చినా, నరకాలంటే ఇవాళ్టికీ అటవీ శాఖ అనుమతి కావలసిందే. ఎన్నో ఏళ్ల కింది భయం ఆయన ఒంట్లో ఉంది కాబట్టి నేను జైలు గుమ్మం చూడలేదు. ఆ రోజు నుంచి చెట్టు తీయమన్న ప్రతి ఆసామినీ, 1976 వృక్ష సంరక్షణ చట్టం కింద వృక్షాధికారి అనుమతి కాగితం తెచ్చి ఇవ్వమంటున్నాను. కొందరికి కోపమొస్తుంది.

మందు కొట్టడం సంగతి తోటమాలుల్లో ఎవరూ మాట్లాడుకోరు. చెదలకు క్లోర్‌పైరిఫాస్ కలిపి, వీపున పంపు తగిలించుకుని, నెలవారీ నిర్వహణలో దాన్నీ బిల్లు చేసేవాణ్ణి. పురుగుమందుల నిబంధనల ప్రకారం డబ్బు తీసుకుని ఇంకొకరి స్థలంలో మందు కొట్టడం వాణిజ్య కీటక నియంత్రణ కిందికి వస్తుంది, దానికి లైసెన్సు ఉండాలి. అది కావాలంటే వ్యవసాయ డిగ్రీ గాని, కెమిస్ట్రీ ఉన్న సైన్సు డిగ్రీ గాని ఉండి, దానికి తోడు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ ఉండాలి. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మొక్కల ఆరోగ్య సంస్థ అలాంటివి. నాది బీకాం. ఇంటాయన తన తోటలో తానే కొట్టుకుంటే ఆ నిబంధన అడ్డురాదు. ఇప్పుడు మందు పేరు, మోతాదు చెప్పి ఊరుకుంటాను.

ఇవన్నీ చిల్లర నష్టాలు. బీకాం చదివినవాణ్ణయ్యుండి లెక్కలోనే దెబ్బతిన్నాను. సేవలు చేసేవాడికి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలని తెలుసు. మొక్కలకు పన్ను లేదనీ తెలుసు. ఈ రెండు తెలిసిన సంగతులను కలిపి సొంతంగా ఒక చట్టం తయారుచేసుకున్నాను. మొక్కల సొమ్ము పక్కన పెట్టి, పచ్చిక పరిచిన కూలి, డిజైను, నిర్వహణ మాత్రమే కూడుకుంటూ 20 లక్షలు ఇంకా చాలా దూరమని నిశ్చింతగా ఉన్నాను. పన్ను లేని సరుకు అమ్మకం కూడా టర్నోవర్‌లో భాగమే. కడియం లారీ దిగిన ప్రతిసారీ నేను ఆ గీటు వైపే నడుస్తున్నానన్నమాట. ఆడిటర్ ఖాతాలు తిరగేసి దాటిపోయిన నెల చూపించేసరికి ఏడాది ముగిసిపోయింది. పైగా మొక్క ఇచ్చి, నాటి, బతికించే పూచీతో ఒకే ధరకు ఒప్పుకున్న తోటల్లో మొక్కను విడదీసి చూడరు. అది కలిపి చేసిన ఒకే సరఫరా, అందులో ముఖ్యమైనది తోట వేసే పని, కాబట్టి మొత్తానికీ 18 శాతం. పని అప్పగించేసి, డబ్బు తీసుకుని, ఇప్పుడు మళ్లీ వెళ్లి పన్ను ఇవ్వండంటే ఎవరిస్తారు? పన్నూ, దాని మీద వడ్డీ, జరిమానా అన్నీ నా జేబులోంచే. హోసూరుకు అమ్మిన సిమెంటు కుండీలు ఇంకో తలనొప్పి. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే 20 లక్షల గీటు వర్తించదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. మాకు హోసూరంటే సంతకెళ్లినట్టు వెళ్లొచ్చే ఊరు, అది వేరే రాష్ట్రమని గుర్తే ఉండదు.

చివరిది ఉద్యం. 2020 జూలై నుంచి ఆధార్, పాన్‌లతో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఉచితంగా అయిపోయే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్. ఉచితం కాబట్టే రేపు చూద్దామనుకున్నాను. ఒక ఫ్యాక్టరీకి తోట వేసి బిల్లిస్తే నెలల తరబడి డబ్బు రాలేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం 45 రోజుల్లో చెల్లించాలంటుంది, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలంటుంది. అది చదివి పరుగున ఉద్యం తీసుకున్నాను. పని అయిపోయాక చేసుకున్న రిజిస్ట్రేషన్ వెనక్కి పనిచేయదని సుప్రీంకోర్టు 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో చెప్పేసిందని వకీలు నవ్వాడు. పనుల కాంట్రాక్టులకు ఆ చట్టమే వర్తించదన్న హైకోర్టులూ ఉన్నాయట. మామూలు దావా వేసుకోవచ్చు, ఫీజు కట్టి, ఏళ్లు వేచి.

దావా వేయలేదు. ఆ ఫ్యాక్టరీ పచ్చిక ఇప్పుడు ఏపుగా పెరిగి కత్తిరింపుకొచ్చిందట. నిర్వహణకు కొటేషన్ పంపమని వాళ్లే మెయిలు పెట్టారు. ఉద్యం నంబరూ జీఎస్టీ నంబరూ పైనే వేసి, సగం అడ్వాన్సు అని రాసి, పాత బిల్లు వెనక జతచేసి పంపాను.