వగరులోని నిండుదనం

ఫ్రాన్స్ నైరుతిన, పిరెనీస్ పర్వతాలకు చేరువలో ఉన్న మదిరాన్ ప్రాంతపు చిక్కని ఎర్ర వైన్‌కు ప్రాణం తనా అనే నల్లద్రాక్ష; ఆ ఊరి పేరు సంస్కృత ‘మదిర’ను తలపించడం యాదృచ్ఛికమే అయినా తెలుగు చెవికి ఇంపుగా ఉంటుంది. ద్రాక్ష తొక్కలోను, గింజలోను ఉండే టానిన్లు, అంటే కరక్కాయకు వగరునిచ్చే కోవకు చెందిన పదార్థాలు, లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుని దాని జారుడుతనాన్ని తగ్గించడం వల్లనే నోరు పిడచకట్టినట్లవుతుంది. తనాలో ఇవి మెండు కనుక, కొత్త వైన్ తొలి గుక్కలో కటువుగా తోచి, ఏళ్ల తరబడి నిల్వ ఉంటే గాని మెత్తబడదు.

ఈ నిరీక్షణను కుదించేందుకు 1990ల ఆరంభంలో వైన్ తయారీదారు పాత్రిక్ ద్యుకుర్నో మదిరాన్‌లోనే, వైన్‌లోకి ప్రాణవాయువును సన్నని బుడగలుగా, కొద్దికొద్దిగా పంపే పద్ధతిని రూపొందించాడు. అది ఎంతో ఉపయోగకరమే గాని, కాలం తనంతట తాను తెచ్చే పరిపక్వతకు సాటిరాదనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో బాస్క్ వలసదారు పాస్కువల్ అరియాగ్ ఉరుగ్వేలో విస్తారంగా నాటిన తనా తీగ, అక్కడ చాలాకాలం ఆయన పేరుతోనే చెలామణి అయింది. మదిరాన్ భోజనబల్లపై మాత్రం తనా వైన్‌కు తోడు బాతుమాంసం. దాని కొవ్వు, మాంసకృత్తులు వగరును అణచగానే, అంతదాకా మరుగునపడిన నల్లని పండ్ల రుచి నాలుకపై మెల్లగా విచ్చుకుంటుంది.