రెండు కాళ్లు, రెండు దారులు

మీరు నమ్ముతారో లేదో! 2019 ఎండాకాలంలో, హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో, పొరుగింటి గౌడు మామ తాటిచెట్టు మీంచి పడ్డాడు. మోకు తెగిందట. ప్రాణం దక్కింది గాని కుడికాలు పడిపోయింది. ఎడమకాలు బాగానే ఉంది కదా అని అత్త వేణ్ణీళ్లు పోసింది. పాదమంతా బొబ్బలెక్కినా మామ కిమ్మనలేదు. బొబ్బలు చూసి ఆమె ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు.

డాక్టరుగారు గుండుసూదితో గుచ్చి చూశారు. కదలని కుడికాలిని గుచ్చితే “అబ్బా!” అన్నాడు, కదిలే ఎడమకాలిని గుచ్చితే తెలియనే లేదు. ఏమిటీ విడ్డూరం?

ఆయన కాగితంమీద గీసి చూపించారు. కాలును కదిలించే ఆజ్ఞ మెదడు అడుగునే పక్క మారి, వెన్నుపాములో అదే పక్కన దిగుతుంది. నొప్పినీ వేడినీ మోసే తీగలు మాత్రం వెన్నుపాములో చేరిన కాస్సేపటికే అవతలి పక్కకు దాటి పైకి పోతాయి. మామకు నలిగింది కుడిసగం. 1850 ప్రాంతంలోనే బ్రౌన్ సెకార్డ్ అనే వైద్యుడు ఈ చిక్కు విప్పాడట. మా ఊరివాళ్లు మాత్రం కాటమయ్య కోపమన్నారు.

2024లో ప్రభుత్వం ఆ కాటమయ్య పేరుతోనే రక్షణ కవచాలివ్వడం మొదలుపెట్టింది. వాళ్లబ్బాయి అది తొడుక్కునే చెట్టెక్కుతున్నాడు. అత్త ఇప్పటికీ మోచేత్తో నీళ్లు చూసుకునిగాని మామ కాళ్లమీద పోయదు.