చివరి యూనిట్ ధర

"ఉన్న ఫ్యాన్లు తిరుగుతాండాయి గదప్పా, మల్ల మూడు వేలు పెట్టి ఇంకో ఫ్యాను కొనేదేంది?"

ఆళ్లగడ్డలో కొత్తిల్లు కట్టుకున్న ఒక ఉపాధ్యాయుడితో ఆయన మేనమామ అన్న మాట ఇది. మామది నంద్యాల. నాలుగిళ్లు కట్టించి అద్దెకిచ్చారు, రూపాయి విలువ తెలిసిన మనిషి. గృహప్రవేశానికొచ్చిన బంధువులంతా ఆయన మాటకే తలూపారు. ఉపాధ్యాయుడికి అది ఈనాటికీ మింగుడుపడలేదు. మామ వేసిన లెక్క వినడానికి అంత సరిగ్గా ఉంది మరి.

వేసవిలో ఆ ఇంట్లో నెలకు 300 యూనిట్లు కాలతాయి. అందుకు విద్యుత్ చార్జీ 1,673 రూపాయలు, అంటే యూనిట్ సగటున 5.58. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటల చొప్పున ఒక్కో ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఇంట్లోని మూడు ఫ్యాన్లకు కలిపి 60 యూనిట్లు, 335 రూపాయలు. దీనికోసం తొమ్మిది వేలు పోయాలా అన్నది మామ ప్రశ్న. 15 గంటలన్నది ఎక్కువ వేసుకున్న లెక్కేమీ కాదు. 2024 వేసవిలో నంద్యాలలో ఎండ 46 డిగ్రీలు దాటింది.

తప్పు సగటులో ఉంది. మిగిలే యూనిట్లు బిల్లు మొదట్లోవి కావు, కొసనున్నవి. 2022 నుంచి వస్తున్న గృహ టారిఫ్‌లో 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75 రూపాయలు. 300లో 60 తగ్గితే ఆ అరవైకీ 8.75 చొప్పున 525 రూపాయలు మిగులుతాయి, 335 కాదు.

ఉపాధ్యాయుడు ఫ్యాన్లు మార్చి అక్కడితో ఆగలేదు. ట్యాంకు నిండి పొర్లుతున్నా రోజూ అరగంట అదనంగా తిరిగే మోటారుకు ఆటోమేటిక్ స్విచ్ పెట్టించారు. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తీసుకుంటుంది కాబట్టి నెలకు ఇంకో 15 యూనిట్లు తగ్గాయి. దాంతో వాడకం 225కు, చార్జీ 1,017కు దిగాయి. యూనిట్లు తగ్గింది నాలుగో వంతు, డబ్బు తగ్గింది నూటికి 39 వంతులు. వేసవి నాలుగు నెలలకు ఫ్యాన్ల మీద 2,100 మిగులు. ఇంకో ఆరు నెలలు రోజుకు ఎనిమిది గంటలే తిరుగుతాయనుకుని, యూనిట్ 6 రూపాయలకే కట్టినా 1,150 పైన వస్తుంది. చలి నెలలు రెండూ వదిలేసినా రెండేళ్ల తొమ్మిది నెలల్లో తొమ్మిది వేలూ తిరిగొస్తాయి.

సోలార్ సంగతీ చూశారు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది గానీ, అప్పటికి చేతిలో డబ్బు లేదు.

మామ రెండో సలహా డబ్బుతో పోయేది కాదు. మే నెలలో కూలర్ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ ట్రిప్పయ్యేది. "దాన్ని తీసేసి డైరెక్టు ఇప్పిచ్చు అల్లుడా, ఎంసీబీ ఉండనే ఉంది గదా" అన్నారు మామ. చాలా ఇళ్లలో జరిగేదీ అదే.

16 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది తీగల్ని. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ. రెండింటికీ 500 రెట్లకు పైగా తేడా. నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి, ఎర్త్ గుంత ఎండి, దాని నిరోధం 50 ఓమ్‌లకు చేరిందనుకుందాం. 230 వోల్టుల దగ్గర భూమిలోకి పోయేది 4.6 ఆంపియర్లే. అంతమాత్రానికి ఎంసీబీ కదలదు. కూలర్ ఇనుప డబ్బాలో కరెంటు అలాగే ఉండిపోతుంది. పైగా ఆ లీకేజీకి గంటకు ఒక యూనిట్ చొప్పున మీటరు తిరుగుతుంది, అదీ 8.75 ధరకు.

ఎలక్ట్రీషియన్ కూలర్ విప్పి చూస్తే, పంపు తీగ ఇనుప అంచుకు రాసుకుని తొడుగు చిట్లిపోయి ఉంది. తీగ మార్చడానికి రెండు వందలు కూడా కాలేదు. ఆ కూలర్‌లో రోజూ బిందెతో నీళ్లు పోసేది ఉపాధ్యాయుడి తల్లి, మామకు తోడబుట్టిన అక్క. ఫ్యాన్ల సంగతైతే ఉపాధ్యాయుడు ఎప్పుడో మరిచిపోయేవారు. డైరెక్టు ఇప్పించమన్న మాట మాత్రం తలుచుకున్నప్పుడల్లా కోపం తెప్పిస్తూనే ఉంది.

మామ అద్దె ఇళ్లు నాలుగింటిలోనూ ఆర్‌సీసీబీ లేదు. ఒక్కోటి 2,200 చొప్పున నాలుగింటికీ 8,800 అవుతుందని మేనల్లుడు కాగితం మీద రాసిచ్చారు. ఎర్త్ గుంతలకు వేసవిలో నీళ్లు పోయించాలని, ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలని కింద రాశారు. మామ రెండిళ్లకు ఒప్పుకున్నారు. మిగతా రెండిళ్లలోనూ చంటిపిల్లలున్నారు. వాటి కోసం మేనల్లుడు ఈ ఆదివారం మళ్లీ నంద్యాల వెళ్తున్నారు.